నలభై లక్షల చదువుకు నాసిరకం బీమా

మా వీధిలోని ఒక కుటుంబంవారు మొన్న వేసవిలో తమ కుమారుని అమెరికాకు పంపుతూ నా వద్దకు వచ్చారు. టీకాల పత్రంపై వైద్యుని సంతకం కావలసి వచ్చింది. ఆ పని ముగించి, "ఆరోగ్య బీమా ఏది తీసుకున్నారు?" అని అడిగాను. తండ్రి ఉత్సాహంగా జవాబిచ్చాడు: "యూనివర్సిటీ వాళ్ళది మరీ ఖరీదండీ డాక్టరుగారూ. మా కన్సల్టెన్సీ ఆయన చవకలో ఇంకొకటి చూపించాడు. ఏడాదికి లక్షన్నర మిగిలింది."

ఆ మాట వినగానే నాకు నాలుగేళ్ళ క్రితంనాటి ఒక రాత్రి గుర్తుకు వచ్చింది. మా దూరపు బంధువుల అబ్బాయి అమెరికానుంచి ఫోను చేశాడు. ముందురోజు బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి ఇప్పుడు కుడివైపు పొత్తికడుపులోకి దిగింది, వాంతి అయింది, జ్వరం ఉంది. గదిలో ఉన్న మాత్రలు వేసుకుంటున్నాడు. వైద్య విద్యార్థి అయినా చెప్పగల వ్యాధి అది: అపెండిసైటిస్. "ఈ క్షణమే ఎమర్జెన్సీకి వెళ్ళు" అన్నాను. "తాతగారూ, అంబులెన్సుకే వేల డాలర్లు వేస్తారట. రేపటిదాకా చూస్తాను" అన్నాడు. అతడు చూసినది ఒక్క రేపు కాదు, రెండు. పేగుకొస పగిలి చీము కడుపంతా వ్యాపించాక స్నేహితులు మోసుకుపోయారు. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. అతని చవక బీమా బిల్లులో కొద్ది భాగమే చెల్లించింది. మిగిలినదానికి తండ్రి ఊరి చివరనున్న ఇంటిస్థలం అమ్మాడు. నొప్పి మొదలైన రోజునే వెళ్ళి ఉంటే ఒకటి రెండు రోజులలో ఇంటికి చేరవలసిన కుర్రవాడు అతడు.

ఆ అబ్బాయిని ప్రాణాపాయం దాకా తీసుకువెళ్ళినది వ్యాధి కాదు, బిల్లు భయం. ఆ భయాన్ని అతని చేతికిచ్చి విమానం ఎక్కించినది మనమే. ఈ వ్యాసంలో నా వాదన అదే. కొందరికి కష్టం కలిగినా చెప్పక తప్పదు.

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. ఆ ఏడాది మరే దేశమూ అంతమందిని అక్కడికి పంపలేదు. వారిలో మన రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలు ఎందరో ప్రతి వీధికీ తెలుసు. ఒక్కొక్కరి వెనుక ముప్పై, నలభై లక్షల ఋణం, తాకట్టు పెట్టిన పొలం, కుదువపెట్టిన బంగారం ఉన్నాయి. ఇంత పణం పెట్టినవారు చివరి మెట్టుపై, పిల్లవాని శరీరానికి సంబంధించిన ఒక్క ఖర్చు దగ్గర బేరమాడుతున్నారు. ఏనుగును కొని అంకుశం దగ్గర గీచి గీచి బేరమాడే తెలివి ఇది.

ముందుగా అక్కడి చట్టం సంగతి చూద్దాం. బ్రిటన్ వెళ్ళే విద్యార్థి వీసాతో పాటే ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య రుసుము కట్టి, అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థలో హక్కుదారు అవుతాడు. ఆస్ట్రేలియా తన విద్యార్థి వీసా కాలమంతటికీ బీమా ఉండాలని నిర్బంధిస్తుంది. జర్మనీలో బీమా రుజువు లేనిదే విశ్వవిద్యాలయంలో నమోదు కారు. అమెరికాలో మాత్రం మన పిల్లలు అత్యధికంగా వెళ్ళే ఎఫ్-1 వీసాకు బీమా ఉండి తీరాలన్న కేంద్ర నిబంధన లేదు. అదే దేశం జె-1 వీసాపై వచ్చే పరిశోధకులకు, మార్పిడి విద్యార్థులకు మాత్రం షరతులు విధించింది: ఒక్కొక్క జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం 1,00,000 డాలర్ల రక్షణ ఉండాలి, రోగిని స్వదేశానికి తరలించే వైద్య ఖర్చుకు 50,000 డాలర్లు, మరణిస్తే దేహాన్ని పంపడానికి 25,000 డాలర్లు ఉండాలి, ముందుగా రోగి భరించవలసిన మొత్తం 500 డాలర్లు మించరాదు. ఒకే ప్రయోగశాలలో పక్కపక్క బల్లలపై పనిచేసే ఇద్దరిలో ఒకరి దేహానికి చట్టం కాపలా కాస్తున్నది, రెండవవారిని వారి విశ్వవిద్యాలయం దయకు వదిలివేసింది. కొన్ని విశ్వవిద్యాలయాలు తమ పథకంలో చేరి తీరాలంటాయి. కొన్ని, వేరే బీమా చూపితే మినహాయింపు ఇస్తాయి. కొన్ని అసలు అడగవు. కన్సల్టెన్సీల చవక బేరం నడిచేది ఈ సందులలోనే.

చవక పథకం ఎందుకు చవక? వైద్యుడు చవకై కాదు, రక్షణ కురచై. 2010లో అమెరికాలో వచ్చిన ఆరోగ్య సంస్కరణ చట్టం ప్రకారం, విశ్వవిద్యాలయాలు బీమా కంపెనీల ద్వారా ఇచ్చే విద్యార్థి పథకాలు పాత జబ్బులున్నాయని చికిత్స నిరాకరించరాదు. అత్యవసర చికిత్స, ఆసుపత్రి చేరిక, మానసిక చికిత్స వంటి ముఖ్య సేవలకు ఇంతకు మించి చెల్లించమని డాలర్లలో గిరి గీయరాదు. ఏడాదిలో రోగి తన జేబునుంచి కట్టే మొత్తానికి మాత్రం ఒక గరిష్ఠ పరిమితి ఉండాలి. ప్రయాణ బీమా తరహాలో అమ్మే చవక పథకాలకు ఈ కట్టుబాట్లు వర్తించవు. అక్కడ గిరి రోగి వైపు ఉండదు, కంపెనీ వైపు ఉంటుంది.

ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. శస్త్రచికిత్సతో ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నందుకు బిల్లు 60,000 డాలర్లు అయిందనుకోండి. మొదటి విద్యార్థికి ఏడాది గరిష్ఠ పరిమితి 5,000 డాలర్లున్న పథకం ఉంది. నెట్‌వర్క్ ఆసుపత్రి అయితే అతడు కట్టేది ఆ 5,000. రెండవ విద్యార్థి పథకం శస్త్రచికిత్సకు 5,000, గదికి రోజుకు 1,500 మాత్రమే ఇస్తుంది. ఆరు రోజులకు 9,000, మొత్తం 14,000 డాలర్లు. మిగిలిన 46,000 డాలర్లు విద్యార్థి మెడకు చుట్టుకుంటాయి. మన డబ్బులో సుమారు నలభై లక్షలు, అంటే ఇంకొక చదువు ఋణం. లక్షన్నర మిగిల్చిన తండ్రిగారి లెక్క ఎక్కడ తప్పిందో ఇక వేరే చెప్పనక్కరలేదు.

నేను ఈ మాట ఎత్తినప్పుడల్లా మూడు జవాబులు వినిపిస్తాయి.

మొదటిది: "వయసులో ఉన్న కుర్రవాడు, జబ్బు ఏమి వస్తుంది?" ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన నాకు ఈ మాట వింటే నవ్వూ వస్తుంది, బాధా కలుగుతుంది. అపెండిసైటిస్ ఎక్కువగా వచ్చేది పదేళ్ళకూ ముప్పై ఏళ్ళకూ మధ్యనే. రోడ్డు ప్రమాదాల వార్డు నిండేది యువకులతోనే. మానసిక వ్యాధులు చాలావరకు తొలిసారి తలెత్తేది పాతికేళ్ళలోపే. కొత్త దేశం, చలి, ఒంటరితనం, ఋణభారం, ఉద్యోగం దొరుకుతుందో లేదోనన్న ఆందోళన ఇవన్నీ కలిసి నిద్రను, తిండిని, మనసును తినివేస్తాయి. అమ్మకు ఫోనులో "బాగానే ఉన్నానమ్మా" అని చెప్పే పిల్లవాడు వైద్యుని దగ్గరికి వెళ్ళాలంటే, ఆ తలుపు తట్టడానికి డబ్బు అడ్డు కాకూడదు.

రెండవది: "ఏమైనా అయితే విమానమెక్కి వచ్చేస్తాడు, ఇక్కడ చవకే గదా." పంటికి, మోకాలికి ఈ మాట చెల్లవచ్చు. పగిలిన అపెండిక్సుతో, ఊపిరితిత్తులకు గాలి యంత్రం తగిలించిన దేహంతో, తలలో రక్తస్రావంతో ఎవరూ మామూలు టికెట్టుపై ఇరవై గంటలు ప్రయాణించలేరు. వైద్య సిబ్బందితో ప్రత్యేక తరలింపు కావాలి. దాని ఖర్చు మొదటి ఆసుపత్రి బిల్లును తలదన్నగలదు.

మూడవది: "అక్కడ ఎమర్జెన్సీలో ఎవరినీ కాదనకూడదట." నిజమే. 1986లో వచ్చిన చట్టం ప్రకారం అక్కడి ఆసుపత్రుల అత్యవసర విభాగాలు, డబ్బుందా లేదా అని చూడకుండా రోగిని పరీక్షించి, ప్రమాదస్థితినుంచి స్థిమితపరచాలి. కాని ఆ చట్టం చికిత్స చేయమన్నది గాని బిల్లు వేయవద్దని అనలేదు. చేర్చుకోకా తప్పదు, బిల్లు పంపకా తప్పదు. పైగా స్థిమితపడిన తరువాత కావలసిన నెలల తరబడి చికిత్సకు ఆ చట్టం పూచీ పడదు.

మన అలవాట్లకూ ఇందులో కొంత పాత్ర ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన నాటినుంచి, పెద్ద జబ్బు వస్తే కార్డు చూపి చేరవచ్చునన్న ధీమా మన ఇండ్లలో స్థిరపడింది. అది మంచి మార్పు, దాని ఫలం నా కళ్ళతో చూశాను. కాని ఆ ధీమా దేశం ఎల్లలు దాటి రాదు. అక్కడ కార్డు బదులు మనకు మిగిలేది వాట్సాప్‌లో చందాల విజ్ఞప్తి. ఒక విద్యార్థి కోమాలోకి వెళ్ళాడనగానే తెలుగువారు ఉదారంగా విరాళాలిస్తున్నారు. ఆ ఉదారతకు నమస్కరిస్తాను. కాని దానిని పథకంగా నమ్ముకోవడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం వంటిదే. ఫోటో హృదయాన్ని కదిలిస్తే డబ్బు వస్తుంది. కదిలించకపోతే? చికిత్స అనేది ఫోటోపై ఆధారపడవలసిన విషయమా?

ఇప్పుడు అసలు బాధ్యుల సంగతి. కన్సల్టెన్సీవారు సీటు, వీసా, గది, విమానం అన్నీ తామే చూస్తామంటారు. బీమా దగ్గర మాత్రం మినహాయింపు దొరికే పథకాన్ని చూపుతారు, పనికివచ్చే పథకాన్ని కాదు. రోగి మంచం దగ్గర వారెవరూ కనిపించరు. బ్యాంకుల తీరు ఇంకా విచిత్రం. చదువు ఋణంతో పాటు అనేక బ్యాంకులు ఒక జీవిత బీమా అంటగడతాయి. అది విద్యార్థి మరణిస్తే బ్యాంకు బాకీ తీర్చడానికి. అతడు మరణించకుండా ఉండడానికి కావలసిన చికిత్స గురించి మాత్రం ఒక్క ప్రశ్న అడగవు. అప్పుకు బీమా ఉంది, ఆయువుకు లేదు!

ఇక ప్రభుత్వం. గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళే, వలస అనుమతి అవసరమైన కార్మికునికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. అందులో లోపాలున్నా, ఆ సూత్రం గొప్పది: దేశం దాటే పౌరుని దేహానికి ఒక కనీస రక్షణ ఉండాలని రాజ్యం అంగీకరించింది. విద్యార్థి విషయంలో ఆ సూత్రం ఏమైంది? ఆపదలో ఉన్న పేద ప్రవాసులకు సహాయపడడానికి మన రాయబార కార్యాలయాలలో సంక్షేమ నిధి ఒకటి 2009నుంచి ఉంది. అది చివరి ఊతకర్ర, కాలు కాదు. అందుచేత నేను కోరేది ఇది: విదేశీ విద్య ఋణం మంజూరు చేసే ముందు, జె-1 వీసాకున్న స్థాయికి తగ్గని ఆరోగ్య బీమా రుజువును అడగడం బ్యాంకులకు విధిగా చేయాలి. విద్యార్థులకు బీమా అమ్మే కన్సల్టెన్సీ, ఆ పథకం ఏమేమి చెల్లించదో తెలుగులో ఒక పుటలో రాసి సంతకం చేసి ఇవ్వాలి. ఈ రెండిటికీ ఖజానానుంచి ఒక్క రూపాయి అక్కరలేదు.

ప్రభుత్వం కదిలేదాకా ఆగనక్కరలేదు. ఆనాడు మా వీధి తండ్రిగారు నా మాటలకు కొంత నొచ్చుకునే వెళ్ళారు. వారం తరువాత ఆ అబ్బాయే ఒంటరిగా వచ్చి, "ఏమేమి అడగాలో రాసివ్వండి" అన్నాడు. అతనికి రాసిచ్చినవే ఇక్కడ ఇస్తున్నాను.

ఒక జబ్బుకు కంపెనీ చెల్లించే గరిష్ఠం ఎంత? గదికి, శస్త్రచికిత్సకు వేరువేరు గిరులున్నాయా? ఏడాదిలో నా జేబునుంచి పోయే గరిష్ఠం ఎంత? ఉబ్బసం, మధుమేహం వంటి పాత జబ్బులకు వర్తిస్తుందా? మానసిక చికిత్సకు వర్తిస్తుందా? నా విశ్వవిద్యాలయానికి దగ్గరలోని ఏ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉంది? కంపెనీ ఆసుపత్రికే నేరుగా చెల్లిస్తుందా, నేను కట్టి తరువాత తెచ్చుకోవాలా? చదువు ముగిసి ఓపీటీలో ఉద్యోగం వెతికే నెలలలో ఈ బీమా ఉంటుందా? ఈ చివరి ప్రశ్న చాలామంది మరచిపోతారు. విశ్వవిద్యాలయ పథకం పట్టాతో ముగిసి, ఉద్యోగపు బీమా ఇంకా మొదలుకాని ఆ నెలలే అత్యంత ప్రమాదకరమైనవి.

బయలుదేరే ముందు దంతాలు, కళ్ళు ఇక్కడే చూపించుకోండి. అక్కడి విద్యార్థి బీమాలలో వీటికి రక్షణ తక్కువ. వాడే మందులకు జెనరిక్ పేర్లతో వైద్యుని చీటీ దగ్గర ఉంచుకోండి. ప్రాంగణంలోని విద్యార్థి ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో మొదటి వారంలోనే తెలుసుకోండి. చిన్న జ్వరానికి ఎమర్జెన్సీకి పోవద్దు. ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం, తెలివి తప్పడం, తగ్గని కడుపునొప్పి, చనిపోవాలన్న ఆలోచన వచ్చినప్పుడు మాత్రం బిల్లు గురించి తలచనే వద్దు. బతికినవారు బిల్లుతో పోరాడవచ్చు. అక్కడి లాభాపేక్షలేని ఆసుపత్రులన్నిటికీ ఆర్థిక సహాయ విధానం ఉండాలని చట్టమే చెబుతున్నది. డిశ్చార్జి తరువాత వచ్చిన మొదటి బిల్లునుంచి 240 రోజులదాకా దరఖాస్తు స్వీకరించాలి. అంశాలవారీ బిల్లు అడగండి, దరఖాస్తు పెట్టండి, వాయిదాలు కోరండి. సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

తల్లిదండ్రులకు చివరిగా ఒక మాట. మీ బిడ్డకు సూటుకేసులో ఆవకాయ, కారప్పొడి సర్దేటప్పుడు బరువు కోసం రెండుసార్లు తూచుతారు. బీమా పత్రాన్ని ఒక్కసారైనా చదవండి. అర్థం కాకపోతే మీ ఊళ్ళోని ఏ వైద్యుని దగ్గరికైనా, ఏ చదువుకున్న బంధువు దగ్గరికైనా తీసుకువెళ్ళండి. అన్నిటికన్నా ముఖ్యంగా, విమానాశ్రయంలో బిడ్డతో ఇలా చెప్పండి: "నీకు నొప్పి వస్తే డబ్బు గురించి మమ్మల్ని అడగవద్దు. ముందు ఆసుపత్రికి వెళ్ళు." ఆనాటి రాత్రి ఫోనులో నా మాట వినని ఆ అబ్బాయికి, ఈ ఒక్క మాట తండ్రి ముందే చెప్పి ఉంటే సరిపోయేది.