పిడుదు కాటుకు ముందు పట్టకారు, ఆ తరువాతే పసుపు

జోగిపేటలో మా వీధిలోనే ఒక విశ్రాంత ఉపాధ్యాయులున్నారు. వారి కుమారుడు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటి సంవత్సరం వేసవిలో దంపతులిద్దరూ కొడుకు వద్దకు వెళ్లారు. ఒకనాటి ఉదయం, నేను రోగులను చూస్తున్న వేళ, వారి నుండి ఫోను వచ్చింది. "వైద్యులుగారూ, నిన్న పిల్లలతో కలిసి అడవిదారిలో నడిచి వచ్చాము. ఇప్పుడు చూసుకుంటే మోకాలి వెనుక పిడుదు కరుచుకొని ఉన్నది. వేపనూనె రాయమంటారా, సున్నం పెట్టమంటారా?" అని అడిగారు.

"సారూ, ఏదీ రాయవద్దు. ముందు దానిని లాగివేయండి. రేపే అక్కడి డాక్టరుకు చూపించండి" అన్నాను. ఆయన ఒక క్షణం మాట్లాడలేదు. ముప్పై ఏళ్లుగా నా చేతి కషాయం తాగిన మనిషి. నేను నూనె వద్దని, డాక్టరు వద్దకు పొమ్మని చెబుతానని ఆయన ఊహించలేదు.

ఆ మాట ఎందుకు అన్నానో ఈ పత్రిక పాఠకులకు కూడా చెప్పవలెనని ఈ వ్యాసం రాస్తున్నాను. నేడు మన పిల్లలు సముద్రాల అవతల ఉన్నారు. పటాన్‌చెరు, రామచంద్రాపురం ప్రాంతాలలో పనిచేసే యువకులు సెలవు వస్తే అనంతగిరి కొండలకో, నర్సాపూరు అడవికో వెళుతున్నారు. ఏడుపాయల జాతరకు పోయినవారు చెట్లకింద చాపలు పరుచుకొని నిద్రిస్తారు. ఆరుబయట తిరగడం ఆరోగ్యానికి మంచిదే. అయితే గడ్డిలోను, పొదలలోను పొంచి ఉండే ఈ చిన్న ప్రాణులను గురించి తెలుసుకొని తిరగవలెను.

పిడుదు స్వభావం

పిడుదును గోమారి అని కూడా అంటారు. పశువుల చెవులలో, పొదుగు వద్ద దీనిని చూడనివారు పల్లెలలో ఉండరు. ఇది కీటకం కాదు, సాలెపురుగుకు దగ్గర చుట్టం. పెరిగినదానికి ఎనిమిది కాళ్లుంటాయి. ఎగరలేదు, దుమకలేదు. గడ్డిపరక చివర కాళ్లు చాచి కాచుకొని ఉండి, పక్కనుండి పోయే ప్రాణిని పట్టుకుంటుంది. దోమవలె కుట్టి పోదు. మూతిని చర్మంలోనికి దింపి రోజుల తరబడి రక్తం తాగుతుంది. దాని లాలాజలం చర్మాన్ని మొద్దుబార్చుతుంది గనుక నొప్పి తెలియదు. నొప్పి తెలియకపోవడమే అసలు ప్రమాదం.

అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో ఈ పిడుదు ద్వారా లైమ్ అనే వ్యాధి వ్యాపిస్తున్నది. కనెక్టికట్ రాష్ట్రంలోని లైమ్ అనే ఊరి పిల్లలలో 1970ల నడుమ కీళ్లవాపులు ఎక్కువగా కనబడగా పరిశోధన మొదలైంది. 1982లో బర్గ్‌డోర్ఫర్ అనే శాస్త్రవేత్త దీనికి మూలమైన బాక్టీరియాను కనుగొన్నట్లు ప్రకటించారు. ఏటా సుమారు 4,76,000 మంది ఈ వ్యాధికి అక్కడ చికిత్స పొందుతున్నారని ఆ దేశపు ఆరోగ్యశాఖ అంచనా. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మసాచుసెట్స్ వంటి, మనవారు అధికంగా నివసించే రాష్ట్రాలే దీనికి ఆటపట్టులు. అక్కడ పిల్ల పిడుదు గసగసాల గింజంత ఉంటుంది. పుట్టుమచ్చ అనుకొని వదిలివేస్తారు.

అదృష్టవశాత్తు ఈ బాక్టీరియా పిడుదు కరిచిన వెంటనే మనిషిలోనికి రాదు. సాధారణంగా 24 గంటలకు పైగా అది అంటిపెట్టుకొని ఉంటేనే వ్యాధి సోకుతుంది. కనుక సాయంత్రం ఇల్లు చేరి, ఒళ్లంతా పరీక్షించుకొని, కనబడినదానిని తీసివేసినవారికి భయం చాలా తక్కువ. సోకినవారిలో 3 నుండి 30 రోజుల లోపల, కాటు వద్ద ఎర్రని మచ్చ మెల్లగా విస్తరిస్తుంది. కొందరిలో బాణం గురి చక్రం వలె నడుమ తేటపడుతుంది. దురద, నొప్పి అంతగా ఉండవు. జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. అప్పుడే యాంటీబయాటిక్ ఔషధం వాడితే చాలామందిలో నయమవుతుంది. అశ్రద్ధ చేస్తే వారాలకో, నెలలకో మూతి వంకరపోవడం, గుండె లయ తప్పడం, మోకాలు వాచడం జరుగవచ్చును.

ఇక్కడ నా తోటి వైద్యులకొక మనవి. అమెరికాలో వేసవి గడిపి వచ్చిన పెద్దాయన మోకాలివాపుతో వస్తే మనం ఆమవాతం అంటాము, మూతి వంకరతో వస్తే అర్దితం అంటాము. "ఎక్కడికి వెళ్లి వచ్చారు? పిడుదు కరిచిందా?" అని అడగము. దేశాన్ని, కాలాన్ని విచారించకుండా చికిత్స చేయరాదన్నది మన శాస్త్రమే కదా!

మన నేల సంగతి

లైమ్ వ్యాధి మన ప్రాంతంలో అరుదు. అంతమాత్రాన మనకు నిశ్చింత లేదు. 1957లో పొరుగున ఉన్న కర్ణాటకలో, శివమొగ్గ ప్రాంతపు క్యాసనూరు అడవిలో కోతులు వరుసగా చనిపోయాయి, వెనువెంటనే మనుషులకు తీవ్రజ్వరాలు వచ్చాయి. పిడుదుల ద్వారా వ్యాపించే ఆ వైరస్ జ్వరాన్నే జనం కోతిజ్వరం అంటారు. 2024లో కూడా శివమొగ్గ, ఉత్తర కన్నడ, చిక్కమగళూరు జిల్లాలలో అది కనబడింది. దానికి ప్రత్యేకమైన ఔషధం లేదు. చలికాలం చివర, వేసవిలో ఆ కొండలెక్కబోయే మన యువకులు ఈ సంగతి మరువరాదు. 2011లో గుజరాత్‌లో బయటపడిన కాంగో జ్వరానికి కూడా పశువుల పిడుదులే వాహకాలు. పశువుల ఒంటిమీది పిడుదులను వట్టి చేతులతో పీకి గోళ్లతో చిదిమే అలవాటు మానవలెను. ఇళ్లలో పెంచే కుక్కల పిడుదుల వలన కూడా దద్దుర్లతో కూడిన ఒక టైఫస్ జ్వరం వస్తుంది.

అన్నింటికన్నా మనకు దగ్గరిది స్క్రబ్ టైఫస్. దీనిని తెచ్చేది పిడుదు కాదు, దాని దాయాది అయిన ఒక నల్లిజాతి పిల్లపురుగు. అది కంటికి ఆనదు. వానలు పడి గడ్డి పెరిగిన నెలలలోను, ఆ తరువాత చలికాలపు ఆరంభంలోను ఈ జ్వరం ఎక్కువ. 2025 చివర ఆంధ్రప్రదేశ్ జిల్లాలలో ఈ జ్వరం వార్తలకెక్కింది. పురుగు కుట్టిన 6 నుండి 21 రోజులకు తీవ్రమైన జ్వరం, తలనొప్పి మొదలవుతాయి. చాలామందిలో కుట్టినచోట చుట్టతో కాల్చినట్లు నల్లని పొక్కు ఏర్పడుతుంది. అది నొప్పి పెట్టదు గనుక రోగి చెప్పడు, వైద్యుడు వెతకవలెను.

నేను చేసిన పొరపాటు

ఈ మాట నేను అనుభవించి చెబుతున్నాను. సుమారు ఇరవై ఏళ్ల కిందట, పటాన్‌చెరు కర్మాగారంలో పనిచేసే ఒక యువకుడు సెలవులకు సింగూరు జలాశయం దగ్గరి స్వగ్రామానికి వచ్చి, తండ్రికి సాయంగా పొలంగట్ల మీద గడ్డి కోశాడు. పది రోజులకు జ్వరంతో నా వద్దకు వచ్చాడు. నాడి చూశాను, నాలుక చూశాను. లంఘనం చేయించి తిప్పతీగ కషాయం ఇచ్చాను. నాలుగు రోజులు గడిచినా జ్వరం దిగలేదు. దోషం పక్వమయ్యే వరకు ఓపిక పట్టుమన్నాను. అయిదవనాడు ఆయాసం పుట్టింది. భయపడి హైదరాబాదుకు తీసుకుపోయారు.

అక్కడి డాక్టరు చొక్కా తీయించి, మొలతాడు జరిపి చూశాడట. దాని కింద నల్లని పొక్కు ఉన్నది. ఔషధం మార్చిన మూడవనాటికి జ్వరం దిగింది. పిల్లవాడు బ్రతికాడు. కాని ఆ అయిదు రోజులు నావి. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడం వలననే అది ఈనాటికీ నాలో మెదలుతూ ఉన్నది.

మా గురువుగారి ఇంట పన్నెండేళ్లు ఉండి నేను చదువుకొన్నాను. దర్శనం, స్పర్శనం, ప్రశ్న అనే మూడు విధాల పరీక్ష తెలియకుండా రోగిని ముట్టరాదని ఆయన ప్రతిదినం చెప్పేవారు. ఆనాడు తప్పినది శాస్త్రం కాదు, నేను. మొలతాడు కింద చూడలేదు, గడ్డి కోశావా అని అడగలేదు. నాటినుండి జ్వరంతో వచ్చిన ప్రతి రోగి చంకలు, గజ్జలు, నడుము, చెవుల వెనుక చూడకుండా మందు ఇవ్వడం లేదు. ఆ నల్లపొక్కు కనబడితే నేనే చీటీ రాసి ఆసుపత్రికి పంపుతున్నాను.

చేయవలసినవి, చేయరానివి

పొదలలోకి, గడ్డిలోకి పోవునపుడు నిండుచేతుల చొక్కా, పొడవాటి ప్యాంటు ధరించి, ప్యాంటు అంచులను మేజోళ్లలోకి దోపుకొనవలెను. లేతరంగు బట్టలైతే పాకే పురుగు కనబడుతుంది. డీట్ కలిసిన లేపనం చర్మానికి రాసుకొనవచ్చును. నేలమీద నేరుగా పడుకొనరాదు. ఇల్లు చేరగానే బట్టలు విడిచి, రెండు గంటల లోపల సబ్బుతో స్నానం చేసి, జుట్టు మొదళ్లు, చెవుల వెనుక, చంకలు, బొడ్డు, నడుము, గజ్జలు, మోకాళ్ల వెనుక పరీక్షించుకొనవలెను. పిల్లలను తల్లి స్వయంగా చూడవలెను.

పిడుదు కనబడితే కిరోసిను, నూనె, సున్నం, ఉప్పు పెట్టరాదు. అగ్గిపుల్లతో, అగరువత్తితో కాల్చరాదు. అట్లా బాధపెడితే అది తన కడుపులోని విషద్రవాన్ని మన చర్మంలోనికి కక్కే ప్రమాదం ఉన్నది. "ఉప్పు వేస్తే వదులుతుందని శాస్త్రంలోనే ఉన్నది కదా" అని ఒకరు నన్ను అడిగారు. సుశ్రుతాచార్యులు సైంధవలవణం చల్లమన్నది పట్టు వదలని జలగ మీద. జలగకు చెప్పిన విధి పిడుదుకు చెల్లదు. చర్మంలో, మాంసంలో గ్రుచ్చుకొన్న శల్యాన్ని లాగుటకు అదే గ్రంథంలో సందంశ యంత్రం చెప్పబడినది. సందంశమంటే పట్టకారే.

సన్నని మొన గల చిన్న పట్టకారుతో, ముల్లు తీసే చిమటా కానీ, కనుబొమలకు వాడే ప్లక్కర్ కానీ అయినా సరే, పిడుదును చర్మానికి ఆనించి మూతి వద్ద పట్టుకొని, మెలితిప్పకుండా, నిదానంగా నిట్టనిలువుగా లాగవలెను. పొట్టను నొక్కరాదు. తరువాత చేతులను, కాటును సబ్బునీటితో కడుగవలెను. తీసిన పిడుదును మూతగల సీసాలో ఉంచి తేదీ రాసిపెట్టుకొంటే మంచిది. పసుపు రాయదలిస్తే ఈ పని అంతా అయిన తరువాత రాయండి. అది వ్యాధిని ఆపుతుందని మాత్రం నమ్మవద్దు.

లైమ్ వ్యాధి అధికంగా ఉన్న ప్రాంతంలో పిడుదు ఒకటిన్నర రోజుకు పైగా అంటి ఉన్నదనిపిస్తే, తీసిన 72 గంటల లోపల డాక్టరును కలియవలెను. తగునని తోస్తే డాక్సీసైక్లిన్ అనే ఔషధం ఒక్క మోతాదు ఇస్తారు. మన ప్రాంతంలో స్క్రబ్ టైఫస్‌కు కూడా ముఖ్యమైన ఔషధం అదే. అయితే మోతాదు, కాలం నిర్ణయించవలసినది డాక్టరు. గర్భిణుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పొలం, అడవి, గడ్డి తిరిగిన మూడు వారాల లోపల జ్వరం వస్తే ఇంటివైద్యంతో రోజులు గడపక, "ఫలానా చోట తిరిగాము" అని డాక్టరుకు మొదటనే చెప్పవలెను.

మన వైద్యం చోటు

మరి ఆయుర్వేదం ఎందుకు అని అడుగుతారేమో. నిదాన పరివర్జనం, అనగా రోగకారణానికి దూరంగా ఉండడం, చికిత్సలో మొదటి మెట్టు అని బోధించినది ఆయుర్వేదమే. పైన చెప్పిన జాగ్రత్తలన్నీ దానిలోనివే. బయటి కారణంతో వచ్చే ఆగంతుక జ్వరాలు వేరని చెప్పినదీ మన ఆచార్యులే. జ్వరం దిగిన తరువాత పెసరకట్టు, జావ, పాతబియ్యపు మెత్తని అన్నంతో అగ్నిని నిలబెట్టి బలం కూర్చడంలో మన పథ్యవిధానం నేటికీ ఉపకరిస్తుంది. తన హద్దు తెలిసిన వైద్యం వలననే రోగికి మేలు. అన్నింటికీ కషాయమే అనేవాడు శాస్త్రానికి గౌరవం తేడు, అపకీర్తి తెస్తాడు.

ఆ ఉపాధ్యాయులు ఆనాడే పిడుదును తీసివేశారు. మరునాడు డాక్టరుకు చూపించారు. ఏ ఇబ్బందీ రాలేదు. దసరాకు జమ్మి పెట్టడానికి మా ఇంటికి వచ్చినపుడు, అమెరికా నుండి తెచ్చిన చిన్న పట్టకారు నా చేతిలో ఉంచారు. అది ఇప్పుడు నా మందుల అలమరలో, పసుపు డబ్బా పక్కన ఉన్నది. మీ ఇంట కూడా ఒకటి ఉండనివ్వండి. ఆలస్యం అమృతం విషం అన్న పెద్దల మాట ఈ కాటు విషయంలో అక్షరాలా నిజం.