నాయనగారి జడ్డిగం

సృజన అనగానే మన పండితలోకం పద్యాన్నే తలచుకొంటుంది. బాడిస పట్టిన చేతికి ఆ మాట దక్కదు.

మా నాయనగారు వడ్రంగి. గొర్రు జడ్డిగంలో విత్తనం చేతితో జారవిడుస్తూ నడవటం ఆడవారి పని. చేయి అలసినకొద్దీ సాలులో విత్తు పలచబడేది. ఆయన జడ్డిగం అడుగున చుట్టూ గుంటలు తొలిచిన తుమ్మదిమ్మను అమర్చి, వెనుక దొర్లే చిన్న చక్రంతో దానిని తిప్పించారు. ఎద్దులు ఆగితే విత్తూ ఆగేది. రెండేండ్లు వేరుసెనగ గింజలు చితికిపోయాయి. మూడవ ఏట గుంటల అంచులు నున్నగా అరగదీసి, పైన తోలుముక్క బిగించారు. పొరుగూరి వడ్రంగులు కొలతలు తీసుకుపోతే మజ్జిగ ఇచ్చి మరీ పంపారు. అమ్మ కోపగించుకొన్నది. నేటికీ నాకు అమ్మ పక్షమే సబబనిపిస్తుంది.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం ద్వారా 1962లో సేద్యపు మాటలు గ్రంథానికెక్కాయి. పనిముట్టు పేరుకు లభించిన ఆ గౌరవం పనిముట్టును మార్చిన మనిషికి లభించలేదు.

అయినా ఒకరిని నిందించే అర్హత నాకెక్కడిది? కళాశాలలో చేరిననాడు దరఖాస్తులో తండ్రి వృత్తికి ఎదురుగా ‘వ్యవసాయం’ అని వ్రాసినవాణ్ణి నేనే. నాయనగారు దానిని కూడబలుక్కొని చదివి, ఏమీ అనకుండా సంతకం చేశారు.