గాలము పట్టనివారి వేడుక

సౌభరి మహర్షి యమునాజలములలో మునిగి తపస్సు చేయుచు, సుఖముగ క్రీడించుచున్న మీనదంపతులను చూచి సంసారమునందు మనసుపడి, మాంధాతృ చక్రవర్తి కుమార్తెల నేబదిమందిని పెండ్లాడెనని భాగవత నవమస్కంధము చెప్పుచున్నది. చేపలను చూచుటవలన నంతటి తాపసికి తపము చెడెను. మనము మున్నే సంసారులము. చెడునది లేదు గనుక నిర్భయముగ చూడవచ్చును.

వేటలన్నిటిలో చూపరికి మిక్కిలి హాయి నొసగునది గాలపువేట. తెల్లదొరలు సన్నని కొక్కెమునకు ఈకలును పట్టుదారమును చుట్టి పురుగు నాకృతి కల్పింతురు. బెత్తము నాడించి పొడవైన దారమును గాలిలో వెనుకకును ముందునకును ఊపి, ఈగ వ్రాలినంత మెల్లగ నీటిపై వ్రాల్తురు. మన మదరాసు రాజధానిలో నుద్యోగము చేసిన హెన్రీ సల్లివన్ థామస్ ఈ దేశపు గాలపువేటను గూర్చి 1873లో నొక గ్రంథమే వ్రాసెను. మహసీరను పెద్దచేప అట్టి వేటగాండ్రకు ప్రియమైనది. పట్టువాని మనసంతయు చేపమీదనే యుండును. చూచువారికో, దారపు వంపు, నీటి సుడి, కొమ్మపైని లకుముకిపిట్ట, అన్నియు దక్కును. చేప తప్పించుకొనిపోయినను వారికి కొఱత లేదు.

అట్లయిన చేపను పట్టనేపట్టనిచోట నీ వేడుక మిగులునా? మిగులుననుటకు మన్యమే సాక్షి. అరకులోయకు అనతిదూరమున, హుకుంపేట మండలములో, మఠము గ్రామము చెంత మత్స్యగుండము కలదు. విశాఖపట్టణము జిల్లా గెజిటీరును 1907లో ప్రకటించిన ఫ్రాన్సిస్ దొర దీనిని వర్ణించెను. మాచేరు రాతికట్టు క్రింద దూరి అదృశ్యమై, కొంత దిగువన మరల వెలువడి మడుగు కట్టును. అందు మహసీరు చేపలు కిక్కిరిసియుండి, మనుష్యుల చేతినుండి మేత తినుచు, వీపు నిమిరినను బెదరకుండెనట. మాడుగుల జమీందారులు మత్స్యములను పూజ్యములుగ నెంచి వానిని కాపాడిరి. భగత తెగకు చెందిన పూజారి యుండెడివాడనియు, శివరాత్రి యుత్సవమున చేపలకు మేత వేయుట పూజలో భాగమనియు నందే కలదు.

పూర్వమొక బంజారి అందొక చేపను పట్టి కూర వండుకొనగా, మత్స్యరాజు శాపమున వాడును వాని యెడ్లును రాళ్లయిపోయిరని యచ్చటి కథ. మన్యపు గెడ్డలలో వెదురుబుట్టలు పన్ని యాకలి తీర్చుకొనువారిని మేము తప్పుపట్టము. కాని ఆ యొక్క మడుగున మాత్రము ఆ శాపము న్యాయమే. ఒకడు తినిన చేపను మఱి వేయిమంది చూడలేరు.

పని ముగించి ఏటియొడ్డున గడియసేపు కూర్చున్న ఇల్లాలిని, "ఊరక కూర్చుండి యేమి తెచ్చితివి?" యని యడుగువారు కలరు. ఒడినిండ తెచ్చినదే లాభమనుకొనుటవలన వచ్చిన ప్రశ్న యది. ఏమియు తీసికొనక చూచి వచ్చిన వారివలననే మడుగు నిండియున్నదని వారికి చెప్పవలెను.

శివరాత్రికి మత్స్యగుండము పోవు సోదరీమణులు పిల్లలచేత మేత వేయించి, తెచ్చిన పాలితీను సంచులను మాత్రము నీటిలో విడువక మరల నింటికి కొనివత్తురుగాక.