సర్టిఫికెట్ పరీక్ష అందరికీ ఒకటేనా?

చిక్కడపల్లిలో ఒక అద్దె గదిలో నేను కొన్నేళ్లుగా కంప్యూటర్ సర్టిఫికెట్ పరీక్షలకు పాఠాలు చెబుతున్నాను. కిందటేడు మా బ్యాచ్‌లో చదివిన ఒకామె నాలుగు నెలలు కష్టపడి, ఇంటి నుంచే పరీక్ష రాయడానికి కూర్చుంది. ఇద్దరు పిల్లల తల్లి. పరీక్ష సగం దాటాక, గ్యాసు బండ వచ్చిందని చెప్పడానికి వాళ్ల అత్తగారు తలుపు తోసుకుని లోపలికి వచ్చారు. కెమెరాలో రెండో మనిషి కనిపించగానే పరీక్ష రద్దు చేశారు. కట్టిన ఫీజు తిరిగి రాలేదు. సాయంత్రం ఆమె ఫోన్ చేసి, "మా అత్తమ్మది తప్పేం లేదు మేడమ్. లోపల గడియ పెట్టుకుంటే ఇంట్లో ఏమనుకుంటారోనని నేనే పెట్టుకోలేదు" అంది.

ఆ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. పాఠం చెప్పడంలో నేను చేసిన లోపం ఏమీ కనబడలేదు. ఆమె చదవడంలోనూ లోపం లేదు. మరి తప్పిన పరీక్ష ఏది? పట్టపగలు రెండు గంటల పాటు తన ఇంట్లో ఒక గది తలుపు వేసుకుని కూర్చునే హక్కు ఆమెకు ఉందా అన్న పరీక్ష. సిలబస్‌లో లేని ఆ పరీక్ష మగవాళ్లకు సాధారణంగా ఎదురు కాదు.

ఈ పరీక్షలతో పరిచయం లేని మిత్రుల కోసం కొంత చెప్పాలి. వీటిని విశ్వవిద్యాలయాలు గానీ ప్రభుత్వం గానీ పెట్టవు. నెట్‌వర్క్ పరికరాలు అమ్మే సిస్కో, సాఫ్ట్‌వేర్ అమ్మే మైక్రోసాఫ్ట్, క్లౌడ్ సేవలు అమ్మే అమెజాన్ వంటి కంపెనీలు, తమ సరుకుతో పని చేయడం ఫలానా మనిషికి వచ్చునని ఇచ్చే పత్రాలివి. సిస్కో వారి సీసీఎన్ఏ 1998లో మొదలైంది. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైనదీ ఆ ఏడాదే. అప్పటి నుంచి ఈ చదువులకు అమీర్‌పేట పేరుపడింది. చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాలు గ్రూప్స్ పరీక్షల కోచింగ్‌కు ప్రసిద్ధి. అయినా మా బ్యాచ్‌లకు స్త్రీలు వస్తున్నారంటే దానికి కారణాలున్నాయి. 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీ వల్ల రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షా రద్దయింది. హాస్టల్ అద్దె కట్టుకుంటూ ఏళ్ల తరబడి చదివిన అమ్మాయిలకు ఇంటి నుంచి వచ్చే కబురు ఒకటే: చదివింది చాలు, సంబంధం చూశాం, వచ్చేయమని. వాళ్లలో కొందరు ఆర్నెల్లలో ఏదో ఒక ఉద్యోగం చూసుకోవాలని ఈ సర్టిఫికెట్ల వైపు తిరుగుతున్నారు. 2020 ఫిబ్రవరిలో మెట్రో వచ్చాక, 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చాక, దూరపు బస్తీల నుంచి పెళ్లయినవాళ్లు కూడా రాగలుగుతున్నారు.

ఇలా వచ్చిన స్త్రీలకు మనం ఏం చెబుతున్నాం? "పరీక్ష అందరికీ ఒకటే, కష్టపడితే ఎవరికైనా వస్తుంది" అంటున్నాం. నేనూ చాలాకాలం అదే చెప్పాను. పరీక్ష అందరికీ ఒకటే అయినంత మాత్రాన దాన్ని రాసేవాళ్ల పరిస్థితులు ఒకటి కావని ఇప్పుడు అనిపిస్తోంది.

ఒక తరం వెనక్కి వెళ్దాం. ఇవే వీధుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్లు ఉండేవి. ఇంటర్ అయిన ఆడపిల్లలు పొద్దునో సాయంత్రమో ఒక గంట వెళ్లి లోయర్, హయ్యర్ నేర్చుకునేవాళ్లు. ఆ పరీక్ష ప్రభుత్వ సాంకేతిక విద్యా మండలి పెట్టేది. తెలుగు టైపుకూ పరీక్ష ఉండేది. అందరితో పాటు హాల్లో కూర్చుని రాసేవాళ్లు. ఒకసారి పాసైతే ఆ సర్టిఫికెట్‌కు కాలదోషం లేదు. పెళ్లయి, పిల్లలు పుట్టి, పదేళ్ల తర్వాత ఉద్యోగానికి వెళ్లినా అది చెల్లేది. ఆ చదువు స్త్రీలను గుమాస్తా పనులకే పరిమితం చేసిందన్న విమర్శ నిజమే. కానీ ఆ పరీక్ష ఆడపిల్ల జీవితంలో ఇమిడేది. ఇప్పటి పరీక్ష ఇమడడం లేదు. ఎక్కడెక్కడ ఇమడడం లేదో చూద్దాం.

మొదటిది గది. 2020లో కరోనా వచ్చాక ఇంటి నుంచి రాసే పద్ధతి బాగా విస్తరించింది. స్త్రీలకు ఇది వరమని అందరం అనుకున్నాం. నియమాలేమిటంటే, గదిలో ఒక్కరే ఉండాలి. తలుపు మూసి ఉండాలి. గది నాలుగు వైపులా ఫొటోలు తీసి పంపాలి. బల్ల మీద కాగితం ముక్క ఉండకూడదు. పరీక్ష అయ్యేదాకా ఎవరూ లోపలికి రాకూడదు. రెండు గదుల పోర్షన్‌లో అయిదుగురు ఉండే ఇంట్లో, హాస్టల్లో ముగ్గురితో కలిసి ఉండే గదిలో ఇది సాధ్యమేనా? పరీక్షా కేంద్రానికి వెళ్లి రాయవచ్చు, నిజమే. కానీ ఆ పూట వంట ఎవరు చేయాలి, బడి నుంచి పిల్లలను ఎవరు తేవాలి అన్న ప్రశ్న ముందే సిద్ధంగా ఉంటుంది.

రెండోది పేరు. నమోదు చేసుకున్న పేరు, గుర్తింపు కార్డులో పేరు ఒకటిగా ఉండాలి. మగవాడికి పుట్టినప్పటి పేరే చివరిదాకా ఉంటుంది. మన స్త్రీలకు పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, పాన్ కార్డులో ఇంకొకటి ఉంటాయి. పెళ్లయితే ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. ఆచారం మార్పించిన పేరుకు మూల్యం పరీక్ష రోజున ఆమె చెల్లించాలి.

మూడోది గడువు. సీసీఎన్ఏ, అమెజాన్ సర్టిఫికెట్లు మూడేళ్లకు చెల్లకుండా పోతాయి. మళ్లీ రాయాలి, మళ్లీ కట్టాలి. అమెజాన్ అసోసియేట్ స్థాయి పరీక్షకు 150 డాలర్లు, సీసీఎన్ఏకు 300 డాలర్లు. మన డబ్బులో మొదటిది 12 వేలు, రెండోది 25 వేల రూపాయలు దాటుతుంది. పన్ను అదనం. ఒక కాన్పు, బిడ్డ నడక నేర్చేదాకా ఇల్లు, అంతలోనే ఆ మూడేళ్లు గడిచిపోతాయి. 2017 సవరణ తర్వాత ప్రసూతి సెలవు 26 వారాలయింది. అది ఉద్యోగంలో ఉన్నవాళ్లకే. ఉద్యోగం వెతుక్కుంటున్న తల్లికి సర్టిఫికెట్ గడువులో ఒక్క రోజు మినహాయింపు లేదు.

నాలుగోది భాష. మేం పాఠాలు చెప్పే పరీక్షలేవీ తెలుగులో లేవు. తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లు ప్రశ్నను పెదాలు కదుపుతూ చదువుకుంటారు. ఇంటి నుంచి రాసేటప్పుడు అదీ కుదరదు. బయటికి చదివితే హెచ్చరిక వస్తుంది. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లకు అమెజాన్ పరీక్షల్లో అడిగితే 30 నిమిషాలు అదనంగా ఇస్తారు. పరీక్ష తేదీ తీసుకోకముందే అడగాలి. మా దగ్గరికి వచ్చిన స్త్రీలలో ఎక్కువమందికి ఈ సంగతి తెలియనే తెలియదు.

ఇక పాఠం చెప్పే స్త్రీల గురించి కూడా మాట్లాడుకోవాలి. నేను చూసినంతలో ఇన్‌స్టిట్యూట్లలో స్త్రీలకు ఇచ్చేవి ప్రాథమిక పాఠాలు, ప్రాక్టీసు తరగతులు. ఫీజు ఎక్కువ వచ్చే క్లౌడ్, సెక్యూరిటీ బ్యాచ్‌లు మగవాళ్లకు వెళతాయి. "ఉదయం ఏడింటి బ్యాచ్, రాత్రి తొమ్మిదింటి బ్యాచ్ మీరు తీసుకోలేరు కదా" అంటారు. తీసుకోలేని పరిస్థితిని ఎవరు కల్పించారో మాత్రం అడగరు. బ్యాచ్‌కు ఇంత అని నోటిమాట మీద ఇచ్చే డబ్బే తప్ప నియామక పత్రం ఉండదు, పీఎఫ్ ఉండదు. లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా తక్కువమంది ఉన్న చిన్న ఇన్‌స్టిట్యూట్ అయితే జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఉద్యోగిని కాకపోయినా, అక్కడ చదువుకునే అమ్మాయి కూడా చేయవచ్చు. ఈ మాట ఏ ఇన్‌స్టిట్యూట్ గోడ మీదా నాకు కనబడలేదు. "వంద శాతం ఉద్యోగం" అన్న మాట మాత్రం చాలా గోడల మీద కనబడింది.

ఇదంతా విదేశీ కంపెనీల వ్యాపారం, దీనితో స్త్రీల సంఘాలకు ఏం పని అని కొందరు మిత్రులు అడుగుతారు. వ్యాపారమే, కాదనను. సర్టిఫికెట్ వస్తే ఉద్యోగం వచ్చినట్టు కాదని కూడా మొదటి రోజే మా తరగతిలో చెబుతాను. కానీ ఇంటర్వ్యూకు పిలవడానికే ఆ కాగితం అడుగుతున్న కంపెనీలు ఉన్నప్పుడు, దాన్ని పట్టించుకోకుండా ఉండడం ఆ ద్వారం దగ్గర ఆగిపోయిన స్త్రీలకు ఏ విధంగా సాయపడుతుంది?

నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల ఉంది. 1928లో తెలుగులో చదువు చెప్పడానికి మొదలైన బడి అది. నిజాం రాష్ట్రంలో అప్పటి ఉన్నత విద్య ఉర్దూలో సాగేది. అక్కడ తెలుగు మాధ్యమానికి గుర్తింపు దొరక్కపోతే, దాన్ని నడిపినవాళ్లు పూనాలో కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించి, ఆ పరీక్షలకు ఆడపిల్లలను తయారుచేశారు. పరీక్ష పెట్టేవాళ్ల నియమాలకు ఆడపిల్లలను వదిలిపెట్టలేదు. ఆడపిల్లలకు తగిన పరీక్షను వెతికారు. మనం పనిచేస్తున్నదీ ఆ వీధుల్లోనే.

మనం చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. మన సంఘాల ఆఫీసుల్లో గడియ పడే ఒక గది ఉంటుంది. నెలలో నాలుగు రోజులు దాన్ని పరీక్ష గదిగా కేటాయిద్దాం. ఒక బల్ల, మంచి ఇంటర్నెట్, కరెంటు పోయినా ఆగని ఏర్పాటు, బయట పిల్లలను చూసుకోవడానికి ఒక మనిషి ఉంటే చాలు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఇలాంటి చిన్న గదులు కొన్ని కావాలని అందరం కలిసి అడుగుదాం. ఫీజు కట్టకముందే కార్డుల్లో పేర్లు సరిచూసే పని, అదనపు సమయానికి దరఖాస్తు పెట్టించే పని మన కార్యకర్తలు చేయగలరు. ఫీజుకు రసీదు అడగడం, ఉద్యోగ హామీ ప్రకటనలను ఫొటో తీసి ఉంచుకోవడం నేర్పుదాం. కోచింగ్ సంస్థలు ఇలాంటి హామీలతో మోసపుచ్చకూడదని 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. ప్రసవం, శిశుపోషణ కాలాన్ని సర్టిఫికెట్ గడువులో లెక్కించకూడదని ఆయా కంపెనీలకు ఉత్తరాలు రాద్దాం. పాఠాలు చెప్పే స్త్రీలం ఒకచోట చేరి, రాతపూర్వక ఒప్పందం లేకుండా బ్యాచ్ తీసుకోమని చెప్పగలిగే స్థితికి రావాలి.

మొదట చెప్పిన ఆమె మళ్లీ ఫీజు కూడబెట్టుకుంటోంది. ఈసారి మా తరగతి గదిలోనే రాస్తానంది. బయట స్టూల్ వేసుకుని నేను కూర్చుంటానని చెప్పాను. అయితే ఒక టీచరు కాపలా కాసి రాయించేది ఒకరి పరీక్షే. మిగతావాళ్ల సంగతి ఏమిటో మన సంఘాలు కలిసి ఆలోచించాలి. ఈ విషయం మీద మిత్రులు తమ అనుభవాలు రాస్తే చర్చ ముందుకు వెళుతుంది.