5 వేల లోపు దొంగతనం: ఠాణాకు వెళ్తే దక్కేదేమిటి?

పొలంలో మోటారుకు బిగించిన రాగి తీగను రాత్రికి రాత్రి కోసుకుపోతే రైతుకు కలిగే నష్టం 3, 4 వేల రూపాయలు ఉండవచ్చు. ఠాణా లెక్కలో అది చిల్లర దొంగతనం. పైరు పొట్ట దశలో ఉండగా నాలుగు రోజులు నీరు తప్పిపోయిన రైతుకు మాత్రం అది చిల్లర విషయం కాదు. కోళ్లు, మేకపిల్లలు, కళ్లంలో ధాన్యం బస్తా, స్టార్టరు డబ్బా - పల్లెల్లో పోయే సొత్తులో చాలా భాగం ఈ లెక్కలోకే వస్తుంది.

ఇటువంటి దొంగతనాలకు సంబంధించి 2024 జులై 1న చట్టం మారింది. 1860 నాటి శిక్షాస్మృతి స్థానంలో ఆనాడు అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం, సొత్తు విలువ 5 వేల రూపాయల లోపు ఉండి, దొంగ మొదటిసారి శిక్షపడుతున్నవాడై, సొత్తునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే జైలుకు బదులు సమాజ సేవను శిక్షగా విధిస్తారు. ఇంతవరకు తప్పుపట్టవలసింది లేదు. ఆకలికి అరటి గెల కోసినవాణ్ణి ఆరితేరిన దొంగల పక్కన కూర్చోబెట్టడం వల్ల ఊరికి ఒరిగేదేమీ లేదు.

చిక్కు మరోచోట ఉంది. దానితోపాటే వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత షెడ్యూలులో 5 వేల లోపు దొంగతనాన్ని పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయదగిన నేరాల్లో చేర్చలేదు. అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే సబ్ ఇన్‌స్పెక్టరు దర్యాప్తు చేయరాదు. ఫిర్యాదు సారాంశాన్ని పుస్తకంలో రాసుకుని ఫిర్యాదీని మేజిస్ట్రేటు వద్దకు పంపాలి. కోర్టు ఉండేది పట్టణంలో. బస్సు ఛార్జీలు, ప్లీడరు ఫీజు, రెండు రోజుల కూలి కలిపితే పోయిన తీగ ఖరీదు దాటిపోతుంది. ఏ రైతు వెళ్తాడు? వెళ్లకపోతే మిగిలేది ఊళ్లో పంచాయితీయే. అక్కడ అనుమానం ఎప్పుడూ ముందుగా పేదవాడి గుడిసె మీదికే పోతుంది.

అయితే గ్రామస్థులు గమనించవలసిన తేడా ఒకటి ఉంది. నివాసముండే ఇంట్లోంచిగాని, సామాను భద్రపరిచే కట్టడంలోంచిగాని సొత్తు పోతే వర్తించే సెక్షను వేరు. అది 305. దానికి సొత్తు విలువతో నిమిత్తం లేదు. 7 ఏళ్ల దాకా శిక్ష ఉంది. పోలీసులు నేరుగా కేసు కట్టవలసిందే. కనుక తీగ ఆరుబయట నుంచి పోయిందా, తాళం వేసిన మోటారు గదిలోంచి పోయిందా అన్నది ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి. విలువను ఠాణాలో ఎవరో ఉజ్జాయింపుగా వేయడానికి వదలక, కొన్న బిల్లు ఉంటే జతపరచడం మేలు.

ఒకప్పుడు కోస్తా, రాయలసీమల్లో మునసబు, తెలంగాణలో పోలీసు పటేలు ఠాణాకు కబురు పంపేవారు. తాము పంపదలచుకున్న కబురే పంపేవారన్నదీ పెద్దలు ఎరిగిందే. వంశపారంపర్యంగా సాగిన ఆ పెత్తనం 1984 జనవరిలో రద్దు కావడం ఊళ్లకు మేలే చేసింది. కాని ఆ కబురు ఇక ఎవరు చెప్పాలి? జవాబు చట్టంలోనే ఉంది. 1973 నాటి కోడులో 40వ సెక్షనుగా ఉండి, ఇప్పుడు 34వ సెక్షనుగా కొనసాగుతున్న నిబంధన ఆ బాధ్యతను పంచాయతీ సభ్యులపైనా, గ్రామ పాలనలో పనిచేసేవారిపైనా పెట్టింది. దొంగసొత్తు కొనడంలో పేరుమోసినవాడు ఊళ్లో మకాం ఉంటే వారు వెంటనే మేజిస్ట్రేటుకో ఠాణాకో తెలియజేయాలి. రాగి తీగను దొంగ ఇంట్లో దాచుకోడు గదా, ఎవరో పాత సామాన్ల వ్యాపారి కొనాలి. ఆ కొట్టు ఏదో వార్డు మెంబరుకు తెలియకుండా ఉంటుందా? తెలిసినా, ఓట్లు పోతాయని నోరు మెదపనివారే ఎక్కువ.

పోలీసుల ఇబ్బందీ లేకపోలేదు. ఠాణాలో ఉన్న కొద్దిమందే జాతర బందోబస్తుకూ, మంత్రుల పర్యటనకూ, కోర్టు పనికీ, రాత్రి గస్తీకీ పోవాలి. 4 వేల తీగ వంతు ఆఖరున వస్తుంది. అంతమాత్రాన కాగితం తీసుకోకుండా పంపేయడం కుదరదు. కేసు కట్టదగిన నేరమైతే ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందీ 90 రోజుల్లోగా ఫిర్యాదీకి తెలియజేయాలి. నేరం జరిగిన చోటు తమ పరిధి కాదన్న సాకు చెల్లదు. ఠాణాలో నిరాకరిస్తే ఎస్పీకి తపాలాలో పంపవచ్చు.

కేసు కట్టని చిన్న ఫిర్యాదుల వివరాలనూ పదిహేను రోజులకొకసారి మేజిస్ట్రేటుకు పంపాలని కొత్త చట్టం చెబుతోంది. ఒకే ఊళ్లో ఒకే తీరు దొంగతనాలు అయిదారు అందులో కనబడితే మేజిస్ట్రేటు దృష్టి వాటిపై పడే వీలుంది. అందుకు ముందుగా అవి ఠాణా పుస్తకంలోకి ఎక్కాలి. తీగలు పోయిన రైతులు ఒకే రోజున కలిసి వెళ్లి, ఎవరి ఫిర్యాదు వారు విడివిడిగా రాసి ఇస్తే పుస్తకంలో అన్ని పద్దులు పడతాయి.