మరల వచ్చిన వ్రేలిముద్ర

అక్షరము వ్యాపించినకొద్దీ వ్రేలిముద్ర అంతరించునని ఒకప్పుడు తలచిరి. అది మరల వచ్చినది. 1858లో బెంగాలున హెర్షెల్ అను అధికారి ఒప్పందపత్రముపై గుత్తేదారుని హస్తముద్ర తీసికొనెను. 2015 నుండి ఆంధ్రప్రదేశ్‌లో చౌకబియ్యమునకు ఈపాస్ యంత్రముపై వ్రేలుంచుట ఆరంభమైనది.

కొయ్యూరు వంటి మన్యప్రాంతమున ఇందలి చిక్కు స్పష్టమగును. గునపము పట్టి, పోడు కొట్టిన చేతులకు వ్రేలిగీతలు అరుగును; అవి బాగుగ అరిగినచో యంత్రము మనిషిని గుర్తింపజాలదు. అనగా ఎక్కువ కష్టించిన చేతికే ఎక్కువ తిరస్కారము!

ధ్రువీకరణ విఫలమైనంతమాత్రమున అర్హునికి లబ్ధి నిరాకరింపరాదని 2018 సెప్టెంబరు 26 నాటి ఆధార్ తీర్పులో సర్వోన్నత న్యాయస్థానము పేర్కొన్నది. కావున యంత్రము కాదన్నప్పుడు వేరొక ఆధారము చూపి తన హక్కును అడుగగలుగుట కూడ అక్షరాస్యతయే. పాఠశాలలు సంతకముతోపాటు దానిని నేర్పవలెను.