తీరిక వేళ: చందుర్తి పొలంలో ఎర్రకోట్లు

సంక్రాంతికి మా ఇంట బొమ్మలకొలువు తీర్చే ఆచారాన్ని ఉతైలో కాపురం పెట్టిన నాటి నుండి విడువలేదు. ఈ మారు కింది మెట్టున రాముడి పట్టాభిషేకం పక్కనే వేలెడెత్తు లేని లోహపు సిపాయిలు బారులు తీరి నిలవడం చూసి, పేరంటానికి వచ్చిన అమ్మలక్కలు ఆశ్చర్యపోయారు. ఆ బొమ్మల సంగతి వ్రాయమని మిత్రులు కోరగా ఈ నెల శీర్షికను వాటికే కేటాయిస్తున్నాము.

బల్లపై బొమ్మలను నిలిపి, పాచికలు వేసి, కొలబద్దతో దూరాలు కొలిచి పూర్వపు యుద్ధాలను తిరిగి నడిపే వినోదమొకటి పాశ్చాత్య దేశాలలో ఉన్నది. ప్రష్యా సైన్యాధికారులు పందొమ్మిదవ శతాబ్దారంభంలో దీనిని శిక్షణకు వాడుకొన్నారు. ఆంగ్ల రచయిత హెచ్.జి.వెల్స్ 1913లో ఇంటి నేలపై ఆడుకొనే పద్ధతిని పుస్తకంగా వ్రాశాడు. వారందరూ వాటర్లూను ఆడుకొంటారు. మేము చందుర్తిని ఎన్నుకొన్నాము.

చందుర్తి గొల్లప్రోలు దాపున గల గ్రామం. ఆంగ్ల చరిత్రకారులు ఈ యుద్ధాన్ని కొండోర్ యుద్ధమంటారు. బొబ్బిలి యుద్ధం తెలియని తెలుగువాడుండడు గాని, దాని తరువాత రెండేళ్ళు తిరగకుండానే 1758 డిసెంబరులో జరిగిన ఈ యుద్ధాన్ని తలచేవారు అరుదు. బొబ్బిలిలో హతుడైన విజయరామరాజు తరువాత గద్దెనెక్కిన ఆనందగజపతి రాజు ఫ్రెంచివారిపై తిరగబడి, విశాఖపట్నం పట్టుకొని, కలకత్తాకు కబురంపాడు. క్లైవు కర్నల్ ఫోర్డును సముద్రమార్గాన పంపాడు. ఫ్రెంచి పక్షాన బుస్సీ స్థానంలో కాన్‌ఫ్లాన్స్ నాయకుడు. ఫోర్డు వద్ద సుమారు 470 మంది ఐరోపా సైనికులు, 1900 మంది సిపాయిలు. కాన్‌ఫ్లాన్స్ వద్ద 500 మంది ఐరోపావారు, 6000 మంది సిపాయిలు, 500 గుర్రాలు, ముప్పై వరకు ఫిరంగులు. యాభై మందికొక బొమ్మ చొప్పున లెక్కవేసి పని ప్రారంభించాము.

పోతపని మాకు కొత్త కాదు గనుక అది సులువనుకొన్నాము. ప్లాస్టర్ అచ్చులో తగరం పోయడమే కదా! తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, వంటింటి పొయ్యి చాలు. సీసం కలిపితే ఇంకా త్వరగా కరుగును గాని, పిల్లలు ముట్టుకొనే బొమ్మలలో సీసం వలదు. అచ్చును మాత్రం పూర్తిగా ఆరనివ్వాలి. తడి స్క్రాప్ కరిగిన ఉక్కులో పడితే ఏమగునో మన కర్మాగారంలో చెప్పనవసరం లేదు. గరిటెడు తగరంతోనూ అదే శాస్త్రం.

చిక్కు దుస్తుల వద్ద వచ్చింది. సిపాయి అనగానే అందరి కంటికి కనబడేది 1857 నాటి పటం: పొడుగు పంట్లాము, ఛాతీపై అడ్డంగా రెండు తెల్లని పట్టీలు, గుండ్రని టోపీ. మేమూ ఆ పటాన్నే నమ్మి ముప్పై ఎనిమిది బొమ్మలు పోసి, రంగులద్ది, ఆరబెట్టిన పిమ్మట గదా తెలిసినది, సరిగా నూరేళ్ళు తప్పామని! క్లైవు 1757లో కూర్చిన తొలి బెంగాలు పటాలానికి లాల్ పల్టన్ అని పేరు. పైన ఎర్రకోటు, తలకు పాగా, కింద మోకాళ్ళకు పైనే ఆగిన చల్లడం. నడుము పైభాగం లండను, కిందిభాగం హిందూస్థానం. ముప్పై ఎనిమిదింటినీ మరల కరిగించాము. తగరంతో వచ్చిన సుఖం అదే.

ఎరుపు అన్నా ఒక్క ఎరుపు కాదు. ఆనాటి ఆంగ్ల సైన్యంలో సామాన్య సైనికుని కోటుకు మంజిష్ఠ జాతి వేరు రంగు, అధికారి కోటుకు కీటకాల నుండి తీసిన మేలిరకం ఎరుపు. మొదటిది ఎండకు, వానకు ఇటుకరంగుకు దిగుతుంది. డబ్బాలోని ఎరుపును అట్లే పూస్తే తిరునాళ్ళ బొమ్మయే అవుతుంది. కొద్దిగా గోధుమరంగు కలుపవలసి వచ్చింది. పోనీ ఎర్రకోట్లన్నీ ఆంగ్లేయులవే అందామా, ఆ ఏడే ఫ్రెంచివారి పక్షాన మనదేశానికి వచ్చిన లాలీ ఐరిష్ దళమూ ఎరుపే తొడిగేది!

ఇంత పట్టింపు ఎందుకని మా శ్రీమతి అడిగినది. ఇతర యుద్ధాలలో ఏమో గాని, చందుర్తిలో మాత్రం కోటు రంగే యుద్ధాన్ని తేల్చినది. ఫోర్డు తన ఐరోపా దళాన్ని నడుమ, సిపాయిలను ఇరుప్రక్కలా నిలిపాడు. నడుమ దళానికి ఎదురుగా మనిషిని మించిన జొన్నచేను. అది వారిని మరుగుపరచింది. పక్కన బయలులో ఎర్రకోట్లతో, చిన్న చిన్న జెండాలతో కనబడిన సిపాయిలే ఆంగ్ల దళమని ఫ్రెంచివారు భ్రమించి, బలమంతా అటు మళ్ళించారు. సిపాయిలు చెదిరారు. తరుముకొంటూ బారు తప్పిన ఫ్రెంచి దళంపై చేను చాటు నుండి వెలువడిన ఐరోపా దళం ప్రక్కనుండి తుపాకులు పేల్చింది. తరువాత కథ త్వరగా ముగిసింది. రాజమహేంద్రవరం పోయింది, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటా పోయింది. ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి పలుకుబడికి అంతటితో చెల్లు.

కళ్ళున్న సేనాపతి అట్లు ఎట్లు మోసపోయాడని మాకు సందేహం. వరండాలో పరీక్షించి చూశాము. మా బొమ్మ ఎత్తు 28 మిల్లీమీటర్లు, అనగా మనిషిలో అరవయ్యవ వంతు. ఐదు మీటర్ల దూరాన నిలిచి చూస్తే అసలు పొలంలో మూడువందల మీటర్ల నుండి చూచినట్లు. మంచి కంటికి అంత దూరాన ఒకటిన్నర మిల్లీమీటర్ల కంటె సూక్ష్మమైనది విడిగా అందదు. ముఖం నలుపో తెలుపో, బొత్తాములున్నవో లేవో తెలియలేదు. పాగాకు, మూడు మూలల టోపీకి భేదం మాత్రం నిలకడగా చూస్తే తెలిసింది. నిలకడగా చూడనిచ్చే యుద్ధం ఎక్కడున్నది? ఉతైలోని కేంద్ర పారిశ్రామిక భద్రతా దళ శిక్షణ కేంద్రపు కుర్రవాళ్ళు పొద్దున్నే ఖాకీలో పరుగు తీస్తుంటే, వీధి చివరి నుండి ఒకరినొకరి నుండి వేరు చేయలేము గదా.

బల్లపై ఆడేటప్పుడు ఈ భ్రమను తేవడమే కష్టం. పైనుండి చూచే ఆటగానికి అన్నీ తెలుసు. కనుక మధ్యవర్తి నొకరిని పెట్టి, ఎర్రకోటు దళాలన్నింటినీ మొదట ఎర్ర అట్టముక్కలుగానే నిలిపి, వంద మీటర్లలోకి వచ్చిన మీదటనే అట్ట తీసి బొమ్మ పెట్టే నియమం చేశాము. జొన్నచేనుకు చీపురు పుల్లలు. మూడు ఆటలలో రెండు మార్లు ఫ్రెంచి పక్షం అదే పొరపాటు చేసింది.

ఇంతటితో పని ముగిసినదనుకొన్నాము. కొలువు చూస్తూ మా అమ్మాయి, "నాన్నగారూ, వీళ్ళలో మనవాళ్ళెవరు?" అన్నది. ఎర్రకోట్ల సిపాయిలు బెంగాలు నుండి ఓడలపై వచ్చినవారు. తెలుగువారు ముఖ్యంగా ఆనందగజపతి వెంట ఉన్నారు. ఐదువేల కాలిబంట్లు, ఐదువందల గుర్రాలు. వారిని మేము ఒక బూడిదరంగు అట్టముక్కగా వెనుక పడవేశాము. కారణం, కంపెనీ చరిత్రకారుడు ఆర్మ్ వారిని తీసిపారేసి వ్రాయడమే. కొందరికి మోటు తుపాకులు, మిగిలిన వారికి బల్లేలు, విల్లంబులు అన్నాడు. రాజు కూర్చుకొన్న నలభై మంది ఐరోపావారిని, నాలుగు ఫిరంగులను మాత్రం నాయకుని పేరుతో సహా చెప్పాడు. ఎవరికి దర్జీ లెక్క ఉన్నదో వారి బట్టలే చరిత్రలో మిగిలాయి. యుద్ధ వ్యయం భరిస్తానని మాట ఇచ్చినది ఆ రాజు, పన్ను కట్టినది ఆ ఊళ్ళు. బొమ్మ మాత్రం లేదు.

అమ్మాయికి జవాబు చెప్పలేక మరునాడే పొయ్యి వెలిగించాము. నూట పది బొమ్మలు కావాలి. ఈ మారు ఒక్క అచ్చుతో పోయలేదు, అయిదు అచ్చులు చేశాము. గోచీ బిగించిన పంచె, భుజాన గొంగళి, తలపాగా. నేత నూలు తెలుపుకు ఒక్కొక్క దానికి ఒక్కొక్క మాపు వేశాము. ఇప్పటికి ముప్పై ఏడుగురు సిద్ధమైనారు. ఐదు మీటర్ల నుండి చూస్తే వీరు ఒక రంగుగా కలియరు. ఒక సంతలా కనబడతారు.

పిఠాపురం, విజయనగరం ప్రాంతాల నుండి వచ్చిన సోదర ఉద్యోగుల ఇళ్ళలో అమ్మమ్మల నాటి కొలువు బొమ్మలలో బంటు బొమ్మలు, ఏటికొప్పాక లక్కవైనా సరే, ఉన్నచో ఒకసారి చూపవలసినదిగా కోరుతున్నాము. పాగా చుట్టు ఏ వైపుకు తిరిగి ఉన్నదో చూసి భద్రంగా తిరిగి ఇస్తాము.